నట్టుకి బొట్టు కనబడదు

మద్రాసు,
సెప్టెంబరు 12, 1970

రిబ్కాకి,

ఈ ఉత్తరం చూసి నువ్వు ముందు ఆశ్చర్యపోతావు, తర్వాత తిడతావు. గుంటూరు హాస్టల్లో నా పక్క మంచం మీద కూచుని తిట్టినట్టే తిట్టుకో. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ రాయబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఒక సందేహం అడగడానికి రాస్తున్నాను. ఆయన కారు నీకు గుర్తుందా? మా పెళ్ళిలో నువ్వు ఎక్కి హారను కొట్టి అందరి చేతా చీవాట్లు తిన్నావు, అదే. రెండు సీట్ల ఎర్రటి విలాయతీ స్పోర్ట్సు కారు. దాని మీదే ఆయన షోలవరంలో రెండుసార్లు పందెం తోలారు. నాకు బీచి రోడ్డు మీద డ్రైవింగ్ నేర్పిందీ దాని మీదే. వచ్చే ఫిబ్రవరిలో షోలవరంలో మళ్ళీ పందేలున్నాయి. ఈసారి నేను తోలదలుచుకున్నాను.

ఇంజను నిలవడం లేదు. హెడ్డు గాస్కెట్టు మాటిమాటికీ పోతోంది. ఇప్పటికి మూడు పోయాయి. కాస్త వేగం అందుకోగానే వేడి చూపించే ముల్లు ఎరుపు మీదికి పోతుంది, సైలెన్సరు నుంచి తెల్లటి పొగ వస్తుంది, ఆయిలు చూస్తే మజ్జిగలా ఉంటుంది. మా మేస్త్రి వెంకటప్పయ్యగారు పనిమీద శ్రద్ధగలవారే. మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు జగన్నాథరావుగారు, ఇంకోసారి పోతే బండిని మైలాపూరు ప్లీడరుకి ఇచ్చేస్తానంటున్నారు. ఆ ప్లీడరు వచ్చి చూసి కూడా పోయాడు.

తిరువూరులో మీ నాన్నగారి రిపేరు షెడ్డు ఇప్పుడు నువ్వే చూస్తున్నావని మా అమ్మ పెనుగొలను నుంచి రాసింది. గాస్కెట్టు నిలవాలంటే ఏం చెయ్యాలో తెలియజేయగలవు.

సెలవు. ఇట్లు,
సరోజినీదేవి

—

తిరువూరు,
సెప్టెంబరు 20, 1970

ఒసేయ్ సరోజా,

ఇక్కడ నేను క్షేమం, నాన్న కోపం, పంచాయతీ సమితి ఆఫీసు జీపు రిపేరు. "తెలియజేయగలవు", "సెలవు, ఇట్లు" అని నాకా రాసేది? కింద ఒక సీలు కూడా గుద్ది ఉంటే మీ బావగారి కంపెనీ నుంచి వచ్చిన నోటీసనుకునేదాన్ని.

నాన్నకి పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నోరు మాత్రం పడిపోలేదు. షెడ్డు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూచుంటాడు, నేను లోపల ఏ స్పానరు తీశానో చప్పుడు బట్టి చెప్తాడు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "ఒకే ఇంజనుకి మూడుసార్లు పోయిందంటే తప్పు గాస్కెట్టుది కాదే, బిగించినోడిది" అన్నాడు. నేనూ అదే అంటాను. ఆడలేక మద్దెల ఓడన్నాడట నీ మేస్త్రిలాంటివాడే.

గాస్కెట్టంటే ఏముందే? కింద ఇంజను బ్లాకు, పైన హెడ్డు, రెంటికీ మధ్య పరిచే పల్చటి రేకు. ఒకపక్క మంట, ఒకపక్క నీళ్ళు, ఒకపక్క ఆయిలు, ఎవరి దారిన వాళ్ళని పోనిచ్చేది అదే. అన్ని చోట్లా సమానంగా అదిమితే ఏళ్ళ తరబడి పడుంటుంది. ఎక్కడైనా వెంట్రుకవాసి వదులుంటే అక్కడ్నుంచే కాలిపోతుంది. మన వైపు ఆయిలింజన్లకైనా మీ విలాయతీ బండికైనా ధర్మం ఒకటే. మీ బండి జోరెక్కువ కాబట్టి తొందరగా కాలుతుంది, అంతే తేడా.

కాబట్టి నాకు ఇవి రాయి. మీ మేస్త్రి హెడ్డు నట్లు ఏ మూల మొదలుపెట్టి ఏ వరసలో బిగిస్తాడు? ఇంజను సలసలా కాగుతున్నప్పుడు రేడియేటరులో చన్నీళ్ళు పోస్తాడా? పోయిన గాస్కెట్లు ఉన్నాయా, పారేశారా?

ఇంకొక మాట. "శ్రద్ధగలవారే" అని రాశావు చూడు, ఆ "రే" నాకు నచ్చలేదు. శ్రద్ధగలవాడు అంటే సరిపోయేది. ఆ "రే" వెనక ఏదో దాచావు. కారు గురించి అన్ని పంక్తులు రాసి నీ గురించి ఒక్క ముక్క రాయలేదు. అదేంటో రాస్తేనే మిగతాది చెప్తాను.

రిబ్కా

—

మద్రాసు,
అక్టోబరు 4, 1970

రిబ్కా,

నీ ఉత్తరం తలుపేసుకుని చదివాను. నవ్వొచ్చింది, చాలాకాలమైంది నవ్వి. తర్వాత ఏడుపొచ్చింది.

ముందు నట్ల సంగతి. వెంకటప్పయ్యగారు కారుని తూర్పు ముఖంగా పెట్టిస్తారు. హెడ్డుకి పసుపు రాసి బొట్టు పెడతారు. ఈశాన్యం మూల నట్టుతో మొదలుపెట్టి, ప్రదక్షిణంగా ఒక్కొక్కటే బిగించుకుంటూ మళ్ళీ ఈశాన్యానికి వచ్చి దణ్ణం పెడతారు. ఆయనకి నేర్పిన గురువు అలాగే చేసేవారట. చన్నీళ్ళు పోస్తారు, నేను చూశాను. ఇంజను బుస్సుమంటే శాంతించిందంటారు. పాత గాస్కెట్లు షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి.

ఇక ఆ "రే". రెండో గాస్కెట్టు వేసి స్టార్టు చెయ్యబోతుంటే నేను షెడ్డులోకి వెళ్ళాను. గుమ్మం కారుకి ఎదురుగానే ఉంది, ఇంకో దారి లేదు. వారం తిరక్కుండా గాస్కెట్టు పోయింది. మూడోసారీ అంతే. అప్పుడు మేస్త్రి, నేను వింటుండగానే బావగారితో అన్నాడు. "పనిలో లోపం లేదు బాబుగారూ. అమ్మగారు ఎదురొస్తున్నారండి. అందుకే బండి తల నిలవడం లేదు."

బావగారు పేపరు మడత పెట్టుకుని లోపలికి పోయారు. కాదని ఒక్క మాట అన్నా బాగుండేది. ఆ రోజు నుంచి కారు స్టార్టు చేసేటప్పుడు నేను వంటింట్లో ఉండాలని ఏర్పాటు. ఇంట్లో ఎవరు పొద్దున్నే బయల్దేరినా నేను అక్కడే ఉంటాను, దానికి ఈ రెండేళ్ళలో అలవాటు పడ్డాను. కారు విషయంలో మాత్రం అలవాటు పడలేకపోతున్నాను. ఆ ఇంజను చప్పుడు ఆయన గొంతులాగే నాకు తెలుసు, గోడ అవతల్నుంచి వినాల్సి వస్తోంది.

బీయస్సీ చదివినదాన్ని, ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ నీ దగ్గర దాచను. ఒక్కోసారి నాకే అనుమానం వస్తోంది రిబ్కా. నిజంగానే నా వల్లేనేమో.

సరోజ

—

తిరువూరు,
అక్టోబరు 11, 1970

సరోజా,

కోపానికి కలం పాళీ దిగి కాగితం చిరిగింది. ఇది రెండో కాగితం.

నీ వల్లా! నట్టుకి బొట్టు కనబడదే పిచ్చిదానా. బొట్టు ఉన్న మొహమూ కనబడదు, లేని మొహమూ కనబడదు. ఎంత బిగించారు, ఏ వరసలో బిగించారు, దానికి తెలిసింది అంతే. నాన్నకి చదివి వినిపించాను. సగంలోనే ఎడమచేత్తో కుర్చీ చెయ్యి దబదబా కొట్టి, "దేవుడి చుట్టూ తిరగాల్సిన ప్రదక్షిణం నట్ల చుట్టూ తిరిగాడా! నేనూ ప్రార్థన చేశాకే స్పానరు పట్టుకుంటాను. అట్లాగని బైబిలు పెట్టి నట్లు బిగిస్తానా?" అని కేకలేశాడు. సమితి జీపు డ్రైవరు జడుసుకుని టీకి పోయాడు.

ఇప్పుడు విను. నువ్వు దోసె వేసేటప్పుడు పిండి అంచు దగ్గర మొదలుపెడతావా? మధ్యలో పోసి బయటికి తిప్పుతావు. హెడ్డు కూడా అంతే. మధ్య నట్టు ముందు, తర్వాత దానికి ఎదుటిది, తర్వాత ఇటొకటి అటొకటి, అట్లా అంచులకి పోవాలి. ఒక్కసారిగా పీకలదాకా బిగించకూడదు. మొదటి దఫా మెత్తగా, రెండో దఫా గట్టిగా, మూడో దఫా తూకం చూసి. మీవాడిలా ఒక మూలనుంచి చుట్టుకొస్తే ఆ మూల బిగుసుకుపోయి దాని ఎదుటి మూల లేచి కూచుంటుంది. వినగడప రైతొకాయన ఇట్లాగే తనే ఆయిలింజను బిగించుకుని మిరప చేను ఎండబెట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

హెడ్డు ఊడదీశాక దాని మీద స్టీలు స్కేలు నిలువుగా ఆనించి అవతల టార్చిలైటు వెయ్యి. స్కేలు కింద వెలుతురు కనబడితే హెడ్డు వంగిందన్నమాట. కాగే ఇంజనులో చన్నీళ్ళు పోస్తే వంగక ఏం చేస్తుంది? మంచి వర్కుషాపులో ఇచ్చి పైపొర చెక్కించు. రేడియేటరులో ఉప్పు నీళ్ళు పొయ్యనీకు, వాననీళ్ళు పట్టి పొయ్యి. అన్నిటికంటే ముఖ్యం, కొత్త గాస్కెట్టు వేసి ఒకసారి తోలాక, బండి పూర్తిగా చల్లారనిచ్చి నట్లు మళ్ళీ బిగించు. వేడికి గాస్కెట్టు కాస్త అణుగుతుంది, నట్లు వదులవుతాయి. అందరూ ఎగ్గొట్టేది ఈ పనే.

మా పిన్ని కూతురు ప్రేమావతి మద్రాసు పెద్దాసుపత్రిలో నర్సు. వచ్చే వారం ఆమె చేతికి నాన్న స్పానరు ఇచ్చి పంపుతున్నాను. బిగింపు ఎంతో దాని మీద ముల్లు చూపిస్తుంది. మిలిటరీ నుంచి తెచ్చుకున్నది, తూకం స్పానరంటాడు. నన్నే ఏడాది దాకా ముట్టుకోనివ్వలేదు. "ఆ పెనుగొలను పిల్లకి పంపు, కింద పడెయ్యొద్దని చెప్పు" అన్నాడు.

గోడకున్న గాస్కెట్లు దించి చూడు. ఎక్కడ కాలాయో రాయి.

రిబ్కా

—

మద్రాసు,
నవంబరు 15, 1970

రిబ్కా,

మూడూ ఒకే చోట కాలాయి!

ఈశాన్యానికి సరిగ్గా ఎదుటి మూల, నైరుతిలో, నాలుగో సిలిండరు పక్కన. ఒకదాని మీద ఒకటి పెడితే కాలిన మరక మీద మరక కూచుంది. అది చూస్తూ షెడ్డులో నేల మీద కూచుండిపోయాను. తర్వాత ఇంకోటి గుర్తొచ్చింది. మొదటి గాస్కెట్టు పోయింది మే నెలలో. అప్పుడు నేను మద్రాసులోనే లేను. పెనుగొలనులో మా అమ్మ దగ్గర మామిడిపళ్ళు తింటున్నాను. ఇన్నాళ్ళూ ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకే తట్టలేదు చూడు, అది నాకు ఎక్కువ కోపంగా ఉంది.

మూడు గాస్కెట్లూ తీసుకెళ్ళి బావగారి భోజనాల బల్ల మీద పెట్టాను. అత్తగారు "అవేంటి, అన్నం తినే చోట" అన్నారు. నేను బావగారిని అడిగాను. "మొదటిది పోయినప్పుడు నేను పెనుగొలను నుంచి ఎదురొచ్చానా అండీ? మిగతా రెండూ ఆ కాలిన చోటే ఎందుకు కాలాయి? నేను నైరుతి మూలకే ఎదురొస్తానా?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూశారు. "సరే, ఒక్కసారి నీ ఇష్టప్రకారం కానియ్. ఈసారి పోతే మటుకు ప్లీడరుకిచ్చేస్తాను, మళ్ళీ ఆ ఊసెత్తకూడదు" అన్నారు. ఒప్పుకున్నాను.

హెడ్డు వంగింది. స్కేలు కింద వెలుతురు నైరుతి వైపే వచ్చింది. చెక్కించి తెచ్చాను. ఇక్కడ వానలు మొదలయ్యాయి, పెరట్లో గంగాళాలు పెట్టి నీళ్ళు పడుతున్నాను. అత్తగారు పప్పు ఉడకడానికనుకుని మురిసిపోయారు. కారుకని తెలిశాక మాట్లాడ్డం లేదు.

నట్లు నేనే బిగించాను. మధ్యలోంచి. స్పానరు ముల్లు చూపించిన చోటుకి రావడానికి నా రెండు చేతులూ, ఒంటి బరువూ సరిపోయాయి. వెంకటప్పయ్యగారు గుమ్మంలో నిలబడి, "ఆయుధం పట్టాల్సిన చేతులా అవి, అపచారం" అంటూ ఉన్నాడు. పట్టాను, ఏం చేస్తావని మనసులో అనుకున్నాను. తర్వాత పైకే అన్నాను.

సరోజ

—

తిరువూరు,
జనవరి 17, 1971

నా బంగారూ,

ఆ చివరి ముక్క నాన్న నా చేత మూడుసార్లు చదివించాడు. "పైకే అందా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు.

మీవాళ్ళనే అంటున్నాననుకోకు, మావాళ్ళేం తక్కువ కాదు. నేను నాన్న ఖాకీ ప్యాంటు వేసుకుని జీపు కింద దూరుతున్నానని పోయిన ఆదివారం మా చర్చిలో పెద్దలు లేచి నా కోసం ప్రత్యేకంగా ప్రార్థన పెట్టారు. దారి తప్పిన సహోదరి తిరిగి రావాలట. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి కదా. నేను కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను. ఆరాధన అయ్యాక ఆ పెద్దలే వచ్చి, సువార్త సభలకి వెళ్ళాలి, వ్యాను బ్రేకులు చూసిపెట్టమ్మా అన్నారు. చూసిపెట్టాను. ప్యాంటు వేసుకునే చూశాను.

పందెంలో ఏ పోటీకి పేరిచ్చావో రాయలేదు. ముల్లు ఎరుపు దగ్గరికొస్తే మొండికెత్తకు, కాస్త తగ్గించి ఊపిరి తీసుకోనివ్వు. ఇంకొకటి. ఆ కాలం బళ్ళ సెల్ఫు స్టార్టరుని నమ్మడానికి లేదు. హ్యాండిలు వేసి చేత్తో తిప్పాల్సొస్తే బొటనవేలు మడిచి పట్టుకోకు, మిగతా వేళ్ళ పక్కనే పెట్టు. ఇంజను ఎదురు తన్నితే బొటనవేలు విరుగుతుంది. నాన్న వేలు వంకర అదే.

రిబ్కా

—

మద్రాసు,
ఫిబ్రవరి 9, 1971

రిబ్కా,

నా వేళ్ళు పదీ బాగానే ఉన్నాయి. అది ముందు చెప్పాలి, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఆడవాళ్ళకని వేరే పోటీ ఉంది. మూడు చుట్లు, చివర పూలగుత్తి. అందులో నా పేరు వేస్తామన్నారు. నేను ఆయన తోలిన పోటీకే ఇస్తానన్నాను. పాత స్పోర్ట్సు కార్లవి, అందరూ మగవాళ్ళే. కుదరదన్నారు. ఆడవాళ్ళు తోలకూడదని ఎక్కడుందో చూపించమన్నాను. వెతికారు, లేదు.

బండ్లన్నీ వరస కట్టాయి. నా పక్కవాళ్ళ ఇంజన్లు రంకెలేస్తున్నాయి. నేను సెల్ఫు నొక్కితే క్లిక్కుమని ఊరుకుంది. మళ్ళీ నొక్కాను. అంతే. జెండా పట్టుకున్నాయన చేతి గడియారం చూసుకుంటున్నాడు.

హ్యాండిలు వెయ్యాలి. హ్యాండిలు వెయ్యాలంటే బండికి ఎక్కడ నిలబడాలో నీకు తెలుసుగా. ఎదురుగా.

బావగారితో వచ్చిన వెంకటప్పయ్యగారు నిమ్మకాయ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "అమ్మగారూ, మీరు పక్కకి రండి, మీరు కాదు, ఎవరి చేతనైనా తిప్పిద్దాం" అన్నాడు. అతను ఎగతాళికి అనలేదు, నిజంగానే భయపడ్డాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. గ్యాలరీలో జనమంతా చూస్తున్నారు, బావగారు రెయిలింగు పట్టుకుని లేచి నిలబడ్డారు.

"తిప్పేది నేనే" అన్నాను.

కొంగు దోపుకుని బండి ముక్కుకి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. రెండేళ్ళుగా ఎవరికి ఎదురుపడకూడదని వంటింట్లో నిలబడ్డానో, వాళ్ళందరికీ కలిపి ఎదురుగా నిలబడినట్టనిపించింది. బొటనవేలు బయట పెట్టి హ్యాండిలు పైకి లాగాను. ఒకసారి ఎదురు తన్నింది, చెయ్యి భుజం దాకా జిల్లుమంది. రెండోసారి లాగాను. ఇంజను పట్టుకుంది రిబ్కా! నా మొహం మీదికి వెచ్చటి గాలి కొడుతూ పట్టుకుంది.

పందెం నేను గెలవలేదు. ఏడోదాన్నొచ్చాను. సగంలో నాకంటే ముందున్న నీలం బండి ఆవిరి కక్కుకుంటూ పక్కకి పోయింది, అదొక్కటే కొసరు. ముల్లు ఒకసారి ఎరుపు అంచుకొచ్చింది, నువ్వు చెప్పినట్టే తగ్గించాను. కడపటి చుట్టులో నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు, కళ్ళద్దాలు మసకేస్తే తెలిసింది. ఆపాక ముందు ఆయిలు చూశాను. శుభ్రంగా, తేనెలా ఉంది.

అసలు సంగతి ఇది కాదు. నిన్న బావగారు కొత్త కారు కొన్నారు. పొద్దున పూజ చేసి అందరూ చుట్టూ నిలబడ్డారు. నేను అలవాటు చొప్పున వంటింటి వైపు పోలేదు, అలాగని ముందుకూ పోలేదు, వరండాలో నిలబడ్డాను. వెంకటప్పయ్యగారు నా దగ్గరికొచ్చి చేతులు జోడించి, "అమ్మగారూ, మీరొకసారి ఎదురు రండి. మీ చెయ్యి మంచిదండి. మీరొస్తే బండికి తిరుగుండదు" అన్నాడు. బావగారు కూడా నవ్వుతూ, "రా అమ్మాయ్, నువ్వే ఎదురు రావాలి" అన్నారు. అత్తగారు నాకు దారిచ్చి పక్కకి జరిగారు.

ఒక్క క్షణం కాళ్ళు కదలబోయాయి. ఎన్నాళ్ళకో పిలుపు, తీపిగా ఉంటుంది కదా. కానీ వెంటనే ఒకటి తట్టింది. రేపు ఈ కారు టైరు పేలితే నేను మళ్ళీ వంటింట్లోకే పోవాలి.

"నేను రానండీ. నేను చెడ్డ శకునాన్నీ కాదు, మంచి శకునాన్నీ కాదు. కారు నడవాలంటే నీళ్ళూ ఆయిలూ చూసుకోండి. చూడ్డం రాకపోతే పిలవండి, స్పానరు తెచ్చుకుని వస్తాను" అన్నాను.

కారు మామూలుగానే స్టార్టయింది, మామూలుగానే గేటు దాటింది. నేను వరండాలోనే నిలబడి చూశాను. నన్ను లోపలికి పొమ్మని ఎవరూ అనలేదు.

బాబాయికి నా నమస్కారాలు చెప్పు. బాబాయి అని రాయొచ్చా? స్పానరు ప్రేమావతితో పంపుతున్నాను.

సరోజ

—

తిరువూరు,
ఫిబ్రవరి 15, 1971

సరోజా,

కార్డు ముక్కే రాస్తున్నాను, మిరపకాయల లారీ ఒకటి గుమ్మంలో మొరాయించి ఉంది. బాబాయి అని చదవగానే నాన్న మొహం తిప్పుకుని, దుమ్ము పడిందని కళ్ళు తుడుచుకున్నాడు. షెడ్డులో ఆ రోజు దుమ్మేమీ లేదు.

స్పానరు పంపొద్దంటున్నాడు. "అది తిప్పే చెయ్యి అక్కడుంటే అది ఇక్కడెందుకు" అంటున్నాడు. నేనేమో వినగడప ఇంజనుకి చేతి అంచనాతో చావాలి. మీ ఇద్దరి సంగతీ తర్వాత చూస్తాను.

పొగడ్తలు ఎండాకాలం సెలవుల్లో నువ్వొచ్చాక. ముందు ఇది చెప్పు. పందెమయ్యాక బండి చల్లారనిచ్చి నట్లు మళ్ళీ బిగించావా, లేక ఉపన్యాసాలిస్తూ మర్చిపోయావా?

రిబ్కా

—

మద్రాసు,
ఫిబ్రవరి 20, 1971

బిగించాను. మధ్యలోంచి. వెంకటప్పయ్యగారు టార్చిలైటు పట్టుకున్నాడు.

సరోజ